తెల్లబియ్యము, ఉప్పుడు బియ్యము: మన వంటయింటి చరిత్రలో ఒక ఘట్టము

తెలుగుదేశము వెలుపల స్థిరపడిన మనవారి చరిత్రను వ్రాయువారు సాధారణముగా మధుర, తంజావూరు నాయకరాజులతో ఆరంభింతురు. దండనాయకులు, పాళెగాండ్రు, కవులు, దేవాలయ శాసనములు వరుసగా వచ్చును. చేనేతవారికి, సేద్యగాండ్రకు, వర్తకులకు కడపట ఒకటి రెండు వాక్యములు దక్కును. ఈ జనులందఱు దినదినము ఏమి తినిరి, ఆ తిండి వారి బిడ్డలను ఎంతకాలము బ్రతికించెను అను సంగతి ఆ గ్రంథములలో కానరాదు. శాసనములలో స్వామివారి నైవేద్యమునకు ఇన్ని తూముల బియ్యమని యుండును గాని, ఆ బియ్యమును దంచిన యింటి యాడువారు రాత్రి ఏమి తినిరో ఉండదు. ఆ చరిత్ర కావలెనన్నచో వైద్యుల నివేదికలను, చెరసాలల లెక్కలను, పరిశోధనాలయముల పట్టికలను వెదకవలెను. అట్లు వెదకినపుడు మనకు ఒక విచిత్రమైన సంగతి తెలియవచ్చుచున్నది.

ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున, కృష్ణా గోదావరుల నీటితో పండిన మంచి వరియన్నమును కడుపునిండ తినుచుండిన ఉత్తర సర్కారుల తెలుగువారిలో బెరిబెరి యను వ్యాధి స్థిరనివాస మేర్పరచుకొన్నది. అదే కాలమున, అదే మదరాసు రాజధానిలో, దక్షిణపు తమిళ జిల్లాలలో ఆ వ్యాధి అరుదు. ఆ జిల్లాలలో తరతరములుగా నున్న తెలుగు కుటుంబములు అనేకము ఇరుగుపొరుగువారి వలెనే ఉప్పుడు బియ్యము తినుచుండెను. పుట్టినగడ్డ నున్నవారికి పట్టిన రోగము, పొరుగుగడ్డకు పోయినవారిని చాలవరకు విడిచినది. దీనికి కారణము రక్తము కాదు, గాలి కాదు, దైవానుగ్రహభేదమును కాదు. వడ్లను దంచుటకు ముందు ఉడికించుటయా, మానుటయా అనునదే కారణము.

ఈ సత్యము తెలియుటకు చాలకాలము పట్టినది. కథ జావా ద్వీపమున మొదలైనది. 1880వ దశకమున డచ్చి ప్రభుత్వపు సైన్యములోను, చెరసాలలలోను జనులు కాళ్లు తిమ్మిరెక్కి, నడక తప్పి, ఒడలు వాచి, గుండె యాగి చనిపోవుచుండిరి. ఏదో క్రిమి యుండవలెనని యెంచి బటేవియాలోని వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్ కోళ్లపై పరీక్షలు చేయుచుండెను. కోళ్లకు అట్టి వ్యాధియే వచ్చెను. కొన్నినెలలకు తానై పోయెను. విచారింపగా తెలిసినదేమనగా, కొంతకాలము ఆ కోళ్లకు సైనిక వైద్యశాలలో మిగిలిన తెల్లని యన్నము పెట్టిరి. పిమ్మట క్రొత్తగా వచ్చిన వంటవాడు, సైనికుల అన్నము సైనికులుకాని కోళ్లకు పెట్టనని నిరాకరించెను. అంతట వానికి మామూలు ముతకబియ్యము వేసిరి, అవి కోలుకొన్నవి. వంటవాని పిసినిగొట్టుతనము ఒక మహాసత్యమునకు దారితీయుట చరిత్రలో తఱచుగా జరుగునది కాదు. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమానము వచ్చినది. వంటవాని పేరు ఎవ్వరికిని తెలియదు.

అటుపై ఫోర్డర్‌మన్ అను అధికారి జావాలోని సుమారు నూరు చెరసాలలను, 2,80,000 మంది ఖైదీలను లెక్కించెను. తెల్లబియ్యము వండిన చెరసాలలలో 39 మందికి ఒకరికి బెరిబెరి కలిగెను. పైపొర పోని బియ్యము వండిన చోట్ల పదివేలమందికి ఒకరికి మాత్రమే. తరువాత మలయాలో బ్రాడన్ అను వైద్యుడు మఱియొక వింత గమనించెను. ఒకే గనుల ప్రాంతమున తెల్లబియ్యము తిను చీనావారు వ్యాధికి గుఱియగుచుండ, దక్షిణ హిందూదేశమునుండి పోయి ఉప్పుడు బియ్యము తిను కూలీలు ఆరోగ్యముగా నుండిరి. ఫ్రేజర్, స్టాంటన్ అనువారు అడవిలో రహదారి వేయుచుండిన 300 మంది జావా కూలీలను జట్లుగా విభజించి, ఒకరికి తెల్లబియ్యము, ఇంకొకరికి ఉప్పుడు బియ్యము పెట్టి, పిమ్మట మార్చి చూచి 1909లో ఆ సంగతిని రూఢిచేసిరి. రోగము బియ్యములో నున్న విషమువలన గాక, బియ్యమునుండి పోయినదానివలన కలుగుచున్నదని తేలినది.

మన దేశమున ఈ విచారణ నీలగిరులలోని కూనూరులో సాగినది. 1918లో రాబర్ట్ మెకారిసన్ అను వైద్యుడు పాశ్చరు సంస్థలోని ఒక గదిలో బెరిబెరి పరిశోధన ఆరంభించెను. ఆ యొక గదియే 1928 నాటికి పోషకాహార పరిశోధనాలయ మైనది. మెకారిసన్ పేరు విన్నవారు ఆయన ఎలుకల పరీక్షలను గుర్తుంచుకొందురు. సిక్కుల భోజనమును, మహారాష్ట్రుల భోజనమును, కన్నడిగుల భోజనమును, వంగీయుల భోజనమును, మదరాసీల భోజనమును వేర్వేరు ఎలుకల గుంపులకు పెట్టి చూడగా, గోధుమరొట్టె, పాలు, పప్పు, కూరలు తిన్న సిక్కు ఎలుకలు బలిసెను. కడిగి వండిన తెల్లబియ్యము ముఖ్యాహారముగా గల మదరాసీ ఎలుకలు అన్నిటికంటె చిక్కియుండెను. ఈ ‘మదరాసీ’ అను మాటలో మనమందఱమును కలిసిపోతిమి. ఉత్తర సర్కారుల పచ్చిబియ్యమునకును, దక్షిణపు ఉప్పుడు బియ్యమునకును గల భేదము ఆ పేరు చాటున మఱుగుపడినది. కాని మెకారిసనే మఱియొక పరిశోధకునితో కలిసి 1924లో ప్రకటించిన గ్రంథము సరిగా ఈ భేదమును గూర్చియే. అటుపిమ్మట 1935లో కూనూరు సంస్థకు అధిపతియైన వాలెస్ ఎయిక్రాయిడ్, ఆయన సహచరులు దానిని ఇంకను లోతుగా పరిశీలించిరి.

ఉత్తర సర్కారులలోనే ఈ వ్యాధి ఏల పాతుకొనెను? ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైనవి. కరవుల నేల వరి మాగాణియైనది. చోళ్లు, జొన్నలు తినువారు క్రమక్రమముగా వరియన్నమునకు మరలిరి. తరువాత బియ్యపు మరలు వచ్చినవి. ఱోటిలో దంచినపుడు ఊక పోయి తవుడు కొంత మిగులును. మరలో పడిన గింజ ముత్యమువలె నిగనిగలాడుచు బయటికి వచ్చును. ఆ నిగనిగయే సంపదకు గుర్తైనది. సర్కారుల వారికి వడ్లు ఉడికించు అలవాటు తక్కువ. పచ్చివడ్లనే మరకు పంపిరి. బియ్యమును రెండుమూడు మార్లు కడిగి, ఎసటిలో నుడికించి, గంజి వార్చిరి. గింజమీద ఏదైన మిగిలియున్నచో కడుగునీటితో కొంత, గంజితో కొంత పోయినది. తవుడు, కడుగునీరు, గంజి అన్నియు కుడితితొట్టిలో చేరి పశువులకు పోయెను. ఇంటి గేదెకు దొరకిన సారము ఇంటి బాలింతకు దొరకలేదనుట కఠినమైన మాటయే గాని, పట్టికలు చెప్పునది అదియే.

బాలింత యను మాట ఊరక వ్రాసినది కాదు. పెద్దలలో బెరిబెరి కాళ్ల తిమ్మిరితో, వాపుతో మెల్లగా వచ్చును. పసిపిల్లలలో అట్లు కాదు. తల్లి ఆహారమున లోపమున్న యెడల చనుబాలలోను అదే లోపముండును. చూచుటకు బొద్దుగా, ఆరోగ్యముగా కనబడు రెండు మూడు నెలల బిడ్డ అకస్మాత్తుగా గొంతు పోయి, ఊపిరాడక, గుండె తూలి కొన్నిగంటలలో కన్నుమూయును. ఎయిక్రాయిడ్, కృష్ణన్ అనువారు విశాఖపట్టణ ప్రాంతమున ఈ శిశుమరణములను పరిశీలించి 1941లో ప్రకటించిరి. ఊరిలో దీనిని బాలగ్రహమనియు, దిష్టియనియు తలంచి తాయెత్తులు కట్టుట ఆశ్చర్యము కాదు. పాలు త్రాగుచున్న బిడ్డ తిండిలోపముచే చచ్చునని ఎవ్వరు తలంతురు? పైగా బాలింతకు పథ్యమను పేర కారము, కూరలు, పప్పులు కూడ తగ్గించి, తెల్లని యన్నమే పెట్టు ఆచారము గల యిండ్లలో అపాయము మఱింత. పథ్యము పెట్టిన అత్తగారు ప్రేమచేతనే పెట్టిరి.

ఇక ఉప్పుడు బియ్యము సంగతి. వడ్లను నానబెట్టి, ఆవిరిపై ఉడికించి, ఎండబెట్టి, పిదప దంచుట దీని పద్ధతి. తమిళులు దీనిని పుళుంగల్ అరిసి యందురు, ఓఢ్రులు ఉసునా యందురు. వడ్లు ఉడుకునపుడు పైపొరలలోను, మొలకలోను నున్న బి1 విటమిను నీటితోపాటు గింజ లోపలికి దిగును. గింజలోని పిండి గట్టిపడి దానిని పట్టియుంచును. అందుచే మరలో పైపొర పోయినను, నీటిలో కడిగినను సారము పూర్తిగా పోదు. కూనూరు పరిశోధనాలయము ఆరంభించిన ఆహారవిలువల పట్టిక తరువాతి కూర్పులలో, నూరు గ్రాముల బియ్యమున ఈ విటమిను దంపుడు పచ్చిబియ్యమున 0.21 మిల్లీగ్రాములు, మరపచ్చిబియ్యమున 0.06, మరలో ఆడిన ఉప్పుడు బియ్యమున 0.21 అని యున్నది. అనగా ఉప్పుడు బియ్యము మరకు పోయివచ్చియు ఇంటిలో దంచిన పచ్చిబియ్యముతో సమానముగా నిలిచినది.

అయితే తమిళనాటి పెద్దలు విటమినుల నెఱిగి వడ్లుడికించిరని చెప్పుట అతిశయోక్తి. అట్టి గొప్పలు మనకు వలదు. ఉడికించిన వడ్ల ఊక సులువుగా వదలును, గింజ తక్కువగా విఱుగును. ఈ లాభములకై చేసిన పని ఆరోగ్యమునకును లాభమైనది. ఇది ఇప్పటికిని చూడవచ్చును. తెలంగాణమున వేసవిలో కోతకు వచ్చు యాసంగి వడ్లు ఎండతాపముచే మరలో నూకయగును. కావున వానిని ఉడికించి ఉప్పుడు బియ్యము చేయుదురు. ఆ బియ్యమును కేంద్రప్రభుత్వము కొనవలెనా వలదా అని 2021, 2022లలో జరిగిన వివాదము పత్రికలు చదువువారందఱు ఎఱుగుదురు. వివాదమున అందఱును ఒప్పుకొన్న సంగతి యొకటి గలదు: చేయువారు దానిని తినరు. గోదావరి మండలపు మరలును కేరళమునకు ఉప్పుడు బియ్యమును పంపుచు, తమ యింటికి పచ్చిబియ్యమునే తెచ్చుకొనును.

దంపుడు బియ్యమును గూర్చి కూడ ఒక మాట. 1934లో గాంధీమహాత్ముడు స్థాపించిన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము దంపుడు బియ్యమునకు ఎంతో ప్రచారము చేసినది. 1958లో బియ్యపు మరలను నియంత్రించు చట్టమును వచ్చినది. అయినను మరలు ఆగలేదు. తెల్లవారుజామున లేచి రోకలి పట్టిన స్త్రీలను అడిగి యుండినచో ఎందుకు ఆగలేదో చెప్పియుందురు. దంపుళ్ల పాటల మాధుర్యమును పొగడువారిలో చేతులు బొబ్బలెక్కినవారు తక్కువ. ఉప్పుడు బియ్యపు గొప్పతనము ఇచ్చటనే యున్నది: ఆడువారి శ్రమను మరకు అప్పగించియు, ఆరోగ్యమును కాపాడినది.

ఈ విటమినును కనుగొనిన వారిలో ఒకని జన్మస్థలము మనకు ప్రత్యేకముగా ప్రీతి కలిగించును. రాబర్ట్ రన్నెల్స్ విలియమ్స్ 1886లో నెల్లూరులో పుట్టెను. తండ్రి అమెరికా దేశపు బాప్టిస్టు మిషనరీ. మంచి బియ్యమునకు పేరుపడిన పట్టణమున పుట్టిన ఈ బాలుడు పెరిగి రసాయనశాస్త్రజ్ఞుడై ఫిలిప్పీను దీవులలోని మనీలాలో కొలువున చేరెను. 1910లో వెడర్ అను సైనికవైద్యుడు ఆయనకు తవుటి కషాయము నిచ్చి, ఇందులో బిడ్డలను బ్రతికించు పదార్థ మేదో కనుగొను మనెను. ప్రాణము పోవుచున్న పసిబిడ్డ నోట ఆ కషాయపు చుక్కలు పోయగా కొద్దిగంటలలో తేరుకొనుటను విలియమ్స్ కన్నులార చూచెను. అది మొదలు ఆయన ఆ వెదకులాటను విడువలేదు. అమెరికాకు మరలి టెలిఫోను సంస్థ పరిశోధనాలయమున ఉద్యోగము చేయుచు, తీరిక వేళలలో ఇరువదియైదేండ్లు శ్రమించి, 1936లో బి1 విటమినును కృత్రిమముగా తయారుచేసెను. దానివలన వచ్చిన ధనమును తిండిలోపపు వ్యాధుల నిర్మూలనకై ధర్మనిధిగా నుంచెను. ఆ పదార్థమును తవుటినుండి మొదట వేఱుచేసిన కీర్తి 1926లో జావాలోనే పనిచేసిన యాన్సెన్, డోనత్ అను వారిది.

విలియమ్స్ తమ్ముడు రోజర్ 1893లో ఉదకమండలమున, అనగా కూనూరునకు కొలదిదూరమున పుట్టెను. అతడును విటమినుల శాస్త్రజ్ఞుడే యయ్యెను. 1941లో అతడును, సహచరులును పాలకూర ఆకులనుండి తీసిన పదార్థమునకు, ఆకు అను అర్థము వచ్చు లాటిను పదమునుండి ‘ఫోలిక్ ఆమ్లము’ అని పేరు పెట్టిరి. దానిని కృత్రిమముగా తయారుచేసిన ఘనత న్యూయార్కు సమీపమున లెడర్లీ ప్రయోగశాలకు నాయకుడైన మన యెల్లాప్రగడ సుబ్బారావు బృందమునకు 1945లో దక్కినది. 1895లో భీమవరమున జన్మించిన సుబ్బారావు, యౌవనమున స్ప్రూ యను గ్రహణివ్యాధిచే ఇద్దఱు సోదరులను స్వల్పకాలములో పోగొట్టుకొనెను. తానును దానిపాలై కష్టముమీద బ్రతికెను. ఫోలిక్ ఆమ్లము ఆ వ్యాధికే మందైనది. నెల్లూరున పుట్టిన అమెరికనుడు మనీలా బిడ్డల ప్రాణము నిలుపుట, భీమవరమున పుట్టిన తెలుగువాడు అమెరికాలో తన సోదరులను చంపిన రోగమునకు మందు చేయుట, ఈ రెండును ఊరు విడిచిపోయినవారి కథలే. సుబ్బారావు 1922లో దేశము విడిచెను; 1948లో న్యూయార్కులో మరణించెను; తిరిగి రాలేదు.

వరి విడిచి ఇతర ధాన్యములను చూతము. కోలారు, బెంగుళూరు ప్రాంతముల మనవారికి రాగియే ప్రాణము. సంకటి యన్నను, ముద్దె యన్నను ఒకటియే. నూరుగ్రాముల రాగులలో సున్నపుధాతువు, అనగా కాల్షియము, 344 మిల్లీగ్రాములు, మరబియ్యమున పది. రాగిని పిండిచేసినను పైపొట్టు పిండిలోనే యుండును. గంజి వార్చు పనిలేదు. షోలాపురపు చేనేత కుటుంబములకు జొన్నరొట్టె దినభోజనము. బరంపురము, పర్లాకిమిడి ప్రాంతముల వారికి ఓఢ్రుల పఖాళయు మన చద్దియన్నమును వేఱుకావు. యానాము వారి సంగతి వేఱు. వారు వలసపోయినవారు కారు. 1954 వరకు ఫ్రెంచివారి పాలన యున్నను చుట్టును గోదావరి మండలమే. వారి అన్నము గోదావరివారి అన్నమే.

జొన్నను పొగడుచు ఒక హెచ్చరిక విడువరాదు. కూనూరు పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ యైనది. హైదరాబాదునకు వచ్చినంతనే అచ్చటి వైద్యులు చూచినదేమి? జొన్నయే సర్వస్వముగా బ్రతుకు పేదలలో పెల్లాగ్రా యను వ్యాధి. మెడచుట్టును, చేతులమీదను చర్మము నల్లబడి పొలుసులు లేచును. విరేచనములు, మతిభ్రమ కలుగును. గోపాలన్, శ్రీకంఠయ్య అను శాస్త్రజ్ఞులు 1960లో దీనిని ప్రకటించి, జొన్నలో లూసిను అను అంశము మితిమీఱుట కారణమని యూహించిరి. ఆ యూహపై తరువాత వాదములు జరిగినవి. పప్పు, పాలు, కూర యేమియు లేక జొన్న యొక్కటియే తినవలసిన దరిద్రమే మూలమనుటలో వాదము లేదు. కావున ఈనాడు చిఱుధాన్యములను అమృతముగా వర్ణించు ప్రకటనలను మనము కొంత జాగ్రత్తతో వినవలసియున్నది. ఏ ధాన్యమైనను ఒంటరిగా మనిషిని కాపాడలేదు.

సర్కారులలో బెరిబెరి తగ్గిపోయినది. పప్పు, పాలు, కూరలు పెక్కిండ్లకు అందినవి. విటమిను మాత్ర అంగడిలో దొరకినది. కాని తెల్లబియ్యపు మోజు మాత్రము తగ్గలేదు, పెరిగినది. నేడు దాని ఫలము వేఱు రూపమున వచ్చుచున్నది. భారత వైద్యపరిశోధన మండలి సహాయముతో జరిగి 2023లో ప్రకటింపబడిన సర్వేక్షణ ప్రకారము దేశమున మధుమేహము గలవారు 10.1 కోట్లమంది, పెద్దలలో నూటికి 11.4. దీనికి బియ్యమొక్కటే కారణమనుట న్యాయము కాదు. నడక తగ్గుట, నూనె, చక్కెర, వంశము అన్నియు కలవు. అయినను పొలమున దినమంతయు శ్రమించిన తాత తిన్నంత అన్నమును, కుర్చీలో కూర్చున్న మనుమడు, అంతకంటె తెల్లగా చేసి తినుచున్నాడు. ఉప్పుడు బియ్యము ఈ వ్యాధికి మందు కాదు. కొంత మెల్లగా జీర్ణమగునని కొన్ని పరీక్షలు చూపినను, రాసిగా పోసికొన్నచో ఏ బియ్యమును మేలు చేయదు.

మన సంఘముల యిండ్లలో వేఱొక మార్పు జరుగుచున్నది. కోయంబత్తూరులో, మధురలో మూడుతరముల క్రిందట ఇంట ఉప్పుడు బియ్యమే వండిన కుటుంబములు, పెండ్లి పేరంటములలో ‘తెలుగు భోజన’ మనుచు సన్నని పచ్చిబియ్యమును వెదకి తెప్పించుచున్నవి. ఉప్పుడు అన్నము మనది కాదు, వారిది అను భావన క్రమముగా స్థిరపడుచున్నది. భాష నిలుపుకొనవలెనను మన తపనలో ఇట్టి పొరపాటు కలియుట సహజము. కాని పూర్వులు పొరుగువారినుండి నేర్చిన ఆ వంట వారి బిడ్డలకు చేసిన మేలు, సర్కారులలోని దాయాదుల బిడ్డలు పోగొట్టుకొన్నదానితో పోల్చిననే తెలియును. సంకటి విషయము ఇంకను చిత్రము. పట్టణపు బడికి పోవు పిల్లలు తోటివారు చూతురని సిగ్గుపడి దాచుకొన్న రాగిముద్ద, ఇప్పుడు బెంగుళూరు భోజనశాలలలో ఆరోగ్యాహారమను పేర వెండివంటి పళ్లెమున వచ్చుచున్నది. దాని వెల విని కోలారు వైపు ముసలివారు నవ్వుచున్నారు.